అనంతగిరిలో కాలినడక

ప్రశ్న: హిమాలయాలకు వెళ్లే ముందు దగ్గర్లో ఎక్కడ నడిచి అలవాటు చేసుకోవచ్చు? అక్కడి జనజీవనం కూడా చూడాలని ఉంది.

జవాబు: వికారాబాద్ పక్కనే ఉన్న అనంతగిరి కొండలు ఇందుకు అనువైనవి. హిమాలయాల్లోలా గాలి పలచబడే ఇబ్బంది ఇక్కడ లేదు. ఎర్రమట్టి దారి మాత్రం వానాకాలంలో బాగా జారుతుంది. పట్టున్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి. వానలు తగ్గాక, కార్తికం నుంచి మాఘం దాకా నడకకు మంచి కాలం.

అనంతపద్మనాభస్వామి గుడి దిగువన చెట్ల నీడలో రాతిమెట్ల భవనాశి కోనేరు ఉంది. మూసీ నది పుట్టుక ఇక్కడేనని జనం నమ్మకం. దీర్ఘనిద్ర నుంచి లేచిన ముచుకుందుడనే రాజర్షి కృష్ణుడి పాదాలు కడిగిన నీరే నదైందని స్థలపురాణం. మూసీకి ముచుకుంద అన్న పేరు అలా వచ్చింది. ఈ కొండల నీళ్లే మరోవైపు కాగ్నా నదిగా తాండూరు మీదుగా పారి భీమా నదిలో కలుస్తాయి. తూర్పుకు పోయిన మూసీ, పడమటికి పోయిన కాగ్నా చివరికి చేరేది కృష్ణా నదిలోకే. కోనేటి మెట్ల మీద ప్లాస్టిక్ వదిలితే అది నది మొదట్లోనే వదిలినట్టు.

కార్తిక పున్నమి జాతరకు జనం పోటెత్తుతారు. ప్రశాంతంగా నడవాలంటే ఆ రోజులు వద్దు, ఊళ్ల సందడి చూడాలంటే అవే కావాలి.

జనజీవనం చూడాలంటే తాండూరును వదలకూడదు. అక్కడ నాపరాయి ఇంట్లో నేలగా, చేను గట్టున నిలువుగా పాతిన కంచెగా కనిపిస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పును జొన్నరొట్టెతో అక్కడే తినాలి.