లేఖలో లేచి నిలుచు కథాపాత్ర
బాల్యమున చదివిన కథలలోని పాత్రలను కాగితమున కత్తిరించి, విప్పగనే లేచి నిలుచునట్లు లేఖలో అమర్చి టపాలో పంపుట ఒక హస్తకళ. కథకును లేఖకును గల ఈ చుట్టరికము పాతదే.

ఆంగ్ల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1893 సెప్టెంబరు 4న, జబ్బుతో నున్న నోయెల్ మూర్ అను బాలునకు వ్రాసిన బొమ్మల లేఖలోనే పీటర్ కుందేలు జన్మించినది. 1902లో వెలువడిన పుస్తకము దానిని లోకమున కందించినది. ఆ కుందేలును మరల లేఖలో నిలుపుట దానిని పుట్టింటికి చేర్చుటయే.

అట్టను నడుమకు మడువవలెను. బొమ్మను నిలువున మడిచి, దాని అడుగు రెక్కలను అట్టమడతకు ఇరువైపుల సమానకోణమున అంటింపవలెను. మూసినపుడు బొమ్మ అట్ట అంచు దాటరాదు. దాటినచో టపాలో నలిగిపోవును.

అచ్చుపుస్తకము వేలమందికి, ఈ లేఖ ఒక్కరికే. అందుకొన్న చేయి విప్పిననే గాని పాత్ర లేవదు. కథను పూర్తిచేయువాడు పాఠకుడే యను మాట ఇచట కంటికి కనబడును.