రాతిగొడ్డలికి ఫిజిక్సుతో పనేమిటి?

బీదర్ దగ్గరి కమఠాణలో పదో తరగతి దాటి పీయూసీలో చేరే పిల్లల్లో ఎవరో ఒకరికి ఆదిమానవుడి పిచ్చి పట్టి ఉంటుంది. భీంబెట్కా గుహల్లోని ఎర్ర రంగు బొమ్మలు, రాతి గొడ్డళ్లు, మనిషి ఎక్కడ పుట్టి ఎటు నడిచాడన్న ప్రశ్న వాళ్లను నిద్రపోనివ్వవు. ఇంట్లో చెబితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఇది కూడు పెట్టే చదువు కాదన్నది ఒకటి. అంత ఇష్టమైతే ఆర్ట్స్ తీసుకుని చరిత్ర చదువుకోమన్నది రెండోది. మొదటిదాంట్లో సగం నిజముంది, దాని సంగతి తర్వాత చూద్దాం. ఎక్కువ నష్టం చేసేది రెండోదే, ఎందుకంటే అది మంచి సలహాలా వినిపిస్తుంది. రాత పుట్టకముందటి మనిషి గురించి చదవడానికి శాసనాలు లేవు, తాళపత్రాలు లేవు. ఉన్నవి రాళ్లు, ఎముకలు, బూడిద, మట్టి. వాటిని చదవడం నేర్పేది ఎక్కువగా సైన్సే. అందుకని ఆసక్తి ఎంత గట్టిదైతే అంత తొందరగా ఏదో ఒక కొలిచే విద్యను చేతబట్టాలి.

దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. మన కల్యాణ కర్ణాటకలోనే, యాదగిరి జిల్లా హుణసగి ప్రాంతంలో ఇసాంపూర్ ఉంది. డెక్కన్ కాలేజీ ఆచార్యుడు కట్రగడ్డ పద్దయ్య దశాబ్దాల పాటు ఆ లోయల్లో తిరిగి, అక్కడ సున్నపురాయి పలకలను పగలగొట్టి పనిముట్లు చేసుకున్న ఆదిమానవుల రాతిగనిని తవ్వి చూపించారు. ఆయనకు 2012లో పద్మశ్రీ వచ్చింది. రాళ్లను గుర్తుపట్టింది పురావస్తు శాస్త్రవేత్త కన్నే. అయితే ఆ చోటు వయసు సుమారు 12 లక్షల ఏళ్లని చెప్పగలిగింది మాత్రం అక్కడ దొరికిన జంతువుల పళ్ల పింగాణీ మీద చేసిన ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ పరీక్ష. అది ఫిజిక్స్ పని. నంద్యాల జిల్లా జ్వాలాపురంలోనూ ఇదే కథ. 74,000 ఏళ్ల కింద సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడి నేలలో పొరగా ఉందని తేల్చింది రసాయన విశ్లేషణ. ఆ పొరకు పైనా కిందా దొరికిన పనిముట్లను పోల్చి, ఆ ఉత్పాతాన్ని మనుషులు తట్టుకున్నారని పురావస్తు శాస్త్రవేత్తలు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం 2007లో ప్రకటించింది. ఆ పనిముట్లు చేసింది మన జాతి (హోమో సేపియన్స్) మనిషేనా అన్న వాదన తర్వాత కూడా నడిచింది. ఇలాంటి వాదనలో ఒక మాట చెప్పగలిగే స్థాయికి చేరడమే ఈ చదువు గమ్యం.

అన్నిటికంటే మన పిల్లలకు దగ్గరైన ఉదాహరణ బూడిద దిబ్బలు. బళ్లారి, రాయచూరు, పాలమూరు ప్రాంతాల్లో కొత్త రాతియుగపు పెద్ద పెద్ద బూడిద కుప్పలున్నాయి. రాక్షసుల చితాభస్మమని జనం చెప్పుకున్నారు. చదువుకున్నవాళ్లూ రకరకాలుగా ఊహించారు. అది పశువుల పేడ కాలిన బూడిదని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 19వ శతాబ్దంలోనే అనుకున్నాడు. 1960 నాటికి ప్రయోగశాల దాన్ని బలపరిచింది. అంతకు కొద్దిముందే, 1957లో, పాలమూరు వైపు ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే పశువుల దొడ్డి ఆనవాళ్లు బయటపడ్డాయి. పిడకలు చరిచే ఇంట పుట్టిన పిల్లకు దొడ్డి ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా? ఆ ఇంటి జ్ఞానానికి కెమిస్ట్రీ తోడైతే చాలు. బీదర్ నందినగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. ఎద్దు ఎముకకూ జింక ఎముకకూ తేడా చెప్పగలిగే పశువైద్య పట్టభద్రుడు తవ్వకాల బృందానికి ఎంత విలువైనవాడో ఇక్కడ ఎవరూ చెప్పరు.

ఇక కూడు మాట. పురావస్తు శాఖలో కొలువులు తక్కువ, ప్రకటనలు ఎప్పుడు పడతాయో తెలియదు. దాన్ని దాచిపెట్టి ఆశ పెట్టడం మోసం. కానీ ఆ అభ్యంతరం ఒక్క పురావస్తు డిగ్రీనే నమ్ముకున్నవాడికి తగులుతుంది. జియాలజీ, జన్యుశాస్త్రం, జీఐఎస్ మ్యాపింగ్ చేతిలో ఉన్నవాడు రాతియుగం దొరక్కపోతే భూగర్భ జలాల పనిలోనో ల్యాబులోనో నిలబడతాడు. హైదరాబాద్ సీసీఎంబీలో భారతీయుల పూర్వీకుల చరిత్రను డీఎన్‌ఏలో వెతికినవారు చరిత్ర ఎం.ఏ.లు కారు. మానవశాస్త్రం చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలున్నాయి. మైసూరులో ఆంత్రొపలాజికల్ సర్వే కేంద్రం ఉంది. ఆ సబ్జెక్టు సివిల్స్‌కు ఆప్షనల్‌గానూ పనికొస్తుంది. పరిశోధన ధనవంతుల సరదా అనేవారికి ఒక లెక్క: నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. దానికి ముందు ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. ఖర్చు మాత్రం ఇంటిదే. ఆ రెండేళ్ల బరువును తేలిగ్గా తీసుకోకూడదు. రాజ్యాంగంలోని 371(జె) అధికరణం కింద కల్యాణ కర్ణాటక స్థానికులకు చదువులో, రాష్ట్ర ఉద్యోగాల్లో ఉన్న రిజర్వేషన్ కోసం అర్హత పత్రం ముందే చేయించుకోవాలి.

బొమ్మలను ల్యాబులో కొలుస్తారా, అది కళ కదా అని ఇంకొకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బళ్లారి దగ్గర కుప్గల్ గుట్ట మీద చెక్కిన ఎద్దుల బొమ్మలను చూడటానికి చిత్రకారుడి కన్ను కావాలి. అదే గుట్ట మీద కొడితే గంటలా మోగే రాళ్లున్నాయి, అక్కడ సంగీతం వచ్చినవాడి చెవి కావాలి. క్వారీల వల్ల ఆ గుట్టకే ముప్పు వచ్చినప్పుడు ఏ బండ మీద ఏ బొమ్మ ఉందో కచ్చితంగా నమోదు చేసే సర్వేయరు కూడా కావాలి. ఆర్ట్స్ విద్యార్థికి ఇక్కడ తలుపు మూసి లేదు. డ్రాయింగ్, ఫోటోగ్రఫీ, సర్వేలో ఒకటైనా బాగా వస్తే లోపలికి దారి ఉంది. కమఠాణ వాళ్లకు పుట్టుకతో వచ్చిన మరో పనిముట్టు భాష. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాడు గొర్రెల కాపరిని ఆపి గుట్ట మీద ఏముందో అడగగలడు. ఆ పని ఏ యంత్రమూ చేయదు.

సెలవుల్లో మొదలుపెట్టాలనుకునేవారు గడ్డపార పట్టొద్దు. రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం నేరం. మరెక్కడైనా చెక్కినట్టున్న రాయి కనబడితే కదపకుండా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, చేను పేరు, తేదీ, దగ్గరి బావి గుర్తు నోటుబుక్కులో రాయాలి. పుణె డెక్కన్ కాలేజీకో ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికో అడ్మిషన్‌కు వెళ్లే రోజున మార్కుల కార్డుతో పాటు ఆ నోటుబుక్కూ సంచిలో ఉండాలి.