నిర్మాణ ఒప్పందంలో మార్పులు – కంప్యూటరులో వాటిని నమోదు చేసే పద్ధతి



మన హాస్టల్లో చదువుకునే వాళ్ళలో భవన నిర్మాణం పనిచేసే వాళ్ళ పిల్లలం చాలామందిమి ఉన్నాం. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పట్నాలకు వలస వెళ్ళి పునాదులు తవ్వేవాళ్ళు, స్లాబులు పోసేవాళ్ళు మన అమ్మానాన్నలే. వాళ్ళు చేసే ప్రతి పని వెనుక ఒక ఒప్పందం ఉంటుంది. పని మొదలైన తరువాత ఆ ఒప్పందం మారుతూ ఉంటుంది. మారిన పని ముందు జరిగిపోతుంది, దాని కాగితం వెనుక వస్తుంది. కాగితం ఆలస్యమైతే కాంట్రాక్టరు బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగితే గుంపు మేస్త్రీకి డబ్బు అందదు. చివరకు దెబ్బ తగిలేది రోజుకూలికే.

ఈ కాగితాన్ని ఇప్పుడు పెద్ద పనుల్లో కంప్యూటరు సాఫ్ట్‌వేరులో రాస్తున్నారు. ఒక సాఫ్ట్‌వేరు నుంచి మరో సాఫ్ట్‌వేరుకు ఏపీఐ ద్వారా పంపుతున్నారు. సివిల్ చదివేవారికీ, కంప్యూటర్స్ చదివేవారికీ పనికివచ్చే ఈ విషయాన్ని క్రమంగా తెలుసుకుందాం.

1. ఛేంజ్ ఆర్డర్ అంటే ఏమిటి?

ఒప్పందం కుదిరిన తరువాత పనిలో వచ్చిన మార్పును రాతపూర్వకంగా అంగీకరించే పత్రమే ఛేంజ్ ఆర్డర్. ఈ పేరు అమెరికాలో ఎక్కువగా వాడుకలో ఉంది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ వారి ఏ 201 అనే సాధారణ షరతుల పత్రం (2017 కూర్పు) ప్రకారం ఛేంజ్ ఆర్డరులో మూడు విషయాలు ఉండాలి: పనిలో మార్పు ఏమిటి, ఒప్పంద మొత్తం ఎంత మారింది, గడువు ఎంత మారింది. దానిపై యజమాని, కాంట్రాక్టరు, ఆర్కిటెక్టు ముగ్గురూ సంతకం చేయాలి. అందుకు వాడే ఫారం పేరు జీ 701.

మన దేశంలో ఇదే విషయాన్ని వేరే పేర్లతో పిలుస్తారు. సీపీడబ్ల్యూడీ ఒప్పంద షరతులలో 12వ క్లాజు దీని గురించే చెబుతుంది. ఒప్పందంలో లేని కొత్త పని వస్తే ఎక్‌స్ట్రా ఐటెం, ఒకదాని బదులు మరొకటి చేస్తే సబ్‌స్టిట్యూటెడ్ ఐటెం, ఉన్న పని పరిమాణం పెరిగినా తగ్గినా డీవియేషన్ అంటారు. పేరు ఏదైనా సారాంశం ఒక్కటే: పని మారితే డబ్బు, గడువు కూడా రాతలో మారాలి.

2. లెక్క ఎలా కట్టాలి?

ఒక పాఠశాలకు అదనపు గదులు కట్టడానికి రూ. 50,00,000కు, 180 రోజుల గడువుతో ఒప్పందం కుదిరిందని అనుకుందాం.

మొదటి మార్పు: పునాది తవ్వితే నల్లరేగడి నేల బయటపడింది. మరింత లోతుకు వెళ్ళాలి. అదనంగా రూ. 1,80,000, 12 రోజులు. ఆమోదం వచ్చింది.
రెండవ మార్పు: వరండాకు గ్రిల్లు వద్దన్నారు. రూ. 60,000 తగ్గింది. గడువు మారలేదు. ఆమోదం వచ్చింది.
మూడవ మార్పు: వాన నీరు పోవడానికి కాలువ. రూ. 90,000 అడిగారు. ఇంకా ఆమోదం రాలేదు.

ఇప్పుడు ఒప్పంద విలువ ఎంత? 50,00,000 + 1,80,000 – 60,000 = రూ. 51,20,000. గడువు 192 రోజులు. మూడవదాన్ని కలపకూడదు, ఎందుకంటే అది ఇంకా కోరిక మాత్రమే. అమెరికాలో బిల్లు కోసం వాడే జీ 702 ఫారం మొదటి మూడు వరుసలూ ఈ లెక్కే: అసలు ఒప్పంద మొత్తం, ఛేంజ్ ఆర్డర్ల వల్ల వచ్చిన నికర మార్పు, నేటి వరకు ఒప్పంద మొత్తం.

3. ఏపీఐ అంటే ఏమిటి?

మన మెస్ స్టోరు రూమును గుర్తు చేసుకోండి. బియ్యం, పప్పు కావాలంటే ఎవరు పడితే వారు లోపలికి వెళ్ళి తీసుకోరు. ఇండెంటు చీటీ రాసి, సంతకం పెట్టించి, కిటికీ దగ్గర ఇస్తారు. స్టోరు చూసేవారు చీటీ సరిగా ఉందో లేదో చూసి సరుకు ఇస్తారు, పుస్తకంలో రాసుకుంటారు. ఏపీఐ కూడా అటువంటి కిటికీయే. ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును నిర్ణీత రూపంలో అడుగుతుంది, నిర్ణీత రూపంలో జవాబు పొందుతుంది.

దీని అవసరం ఏమిటి? సైటు ఇంజినీరు వాడే సాఫ్ట్‌వేరు ఒకటి, అకౌంట్స్ విభాగం వాడేది మరొకటి. ఏపీఐ లేకపోతే ఒకదానిలోని అంకెలను మనిషి కూర్చుని మరొకదానిలో మళ్ళీ టైపు చేయాలి. 1,80,000 కాస్తా 1,08,000 అయిపోవడానికి క్షణం చాలు. 2002లో కాలిఫోర్నియాలో మొదలైన ప్రోకోర్ వంటి నిర్మాణ సాఫ్ట్‌వేర్లు బయటి ప్రోగ్రాముల కోసం ఇటువంటి ఏపీఐలను ఇస్తున్నాయి.

వీటిలో చాలావరకు రెస్ట్ అనే పద్ధతిలో నడుస్తాయి. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ఈ పద్ధతిని వివరించాడు. ఇందులో ముఖ్యమైన ఆజ్ఞలు నాలుగు:

గెట్ – ఉన్న రికార్డును చూపించు.
పోస్ట్ – కొత్త రికార్డు చేర్చు.
పుట్ – పాత రికార్డు స్థానంలో ఈ పూర్తి రికార్డును పెట్టు.
ప్యాచ్ – రికార్డులో ఈ భాగాన్ని మాత్రమే మార్చు. ఈ ఆజ్ఞకు 2010లో ప్రామాణిక రూపం ఇచ్చారు.

4. ఛేంజ్ ఆర్డరును మార్చే క్రమం

మొదటి మెట్టు – అనుమతి: ముందుగా ప్రోగ్రాము తానెవరో చెప్పుకుని టోకెన్ పొందాలి. ఇందుకు ఓఆథ్ 2.0 అనే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. టోకెన్ లేకపోయినా, చెల్లకపోయినా 401 అని జవాబు వస్తుంది. టోకెన్ ఉన్నా ఆ పని చేసే అధికారం లేకపోతే 403 వస్తుంది.

రెండవ మెట్టు – సరైన రికార్డు: కాగితం మీద ‘ఛేంజ్ ఆర్డర్ నెం. 1’ అని ఉంటుంది. కానీ ప్రతి ఒప్పందంలోనూ ఒక నెం. 1 ఉంటుంది! కంప్యూటరు ప్రతి రికార్డుకు వేరుగా ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. గెట్ ఆజ్ఞతో రికార్డును తెప్పించి, ప్రాజెక్టు, ఒప్పందం, ఆర్డరు మూడూ సరిపోయాయో లేదో చూసుకోవాలి.

మూడవ మెట్టు – స్థితి: అది చిత్తుప్రతిగా ఉందా, పరిశీలనలో ఉందా, ఆమోదం పొందిందా? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ముందుకు వెళ్ళకూడదు.

నాలుగవ మెట్టు – మార్పు: మారిన భాగాన్ని మాత్రమే ప్యాచ్ ద్వారా పంపాలి. ‘40,000 కలుపు’ అని కాకుండా ‘మొత్తం 1,30,000గా ఉంచు’ అన్న రూపంలో పంపడం మేలు. అప్పుడు పొరపాటున అదే ఆజ్ఞ రెండుసార్లు వెళ్ళినా మొత్తం పెరగదు.

ఐదవ మెట్టు – సరిచూడడం: 200 వస్తే సర్వరు అంగీకరించినట్లు. 404 అంటే అటువంటి రికార్డు దొరకలేదు. 422 అంటే పంపిన రూపం సరిగానే ఉన్నా అందులోని విషయం నియమాలకు సరిపోలేదు. 200 వచ్చినా మరోసారి గెట్ చేసి, మొత్తాన్ని కాగితంతో పోల్చుకోవాలి.

5. జాగ్రత్త పడవలసిన మూడు ప్రమాదాలు

ఒకటి, ఒకరి మార్పును మరొకరు చెరిపేయడం. కాలువ పని చిత్తుప్రతిని ఇంజినీరు, అకౌంటెంటు ఒకే సమయంలో తెరిచారు. ఇంజినీరు రూ. 40,000 మూతపలకల పని చేర్చి దాచాడు. అకౌంటెంటు తన దగ్గరున్న పాత ప్రతిలో తేదీ మార్చి పుట్ ఆజ్ఞతో మొత్తం రికార్డును పంపాడు. రూ. 40,000 మాయమైంది. ఎవరూ దొంగతనం చేయలేదు, కానీ మూతపలకలు పోసిన మేస్త్రీకి బిల్లులో చోటు లేకుండా పోయింది. దీనికి మందు ఉంది. కొన్ని సర్వర్లు రికార్డుతో పాటు ఈట్యాగ్ అనే గుర్తును ఇస్తాయి. మార్చేటప్పుడు ఇఫ్-మ్యాచ్ అంటూ ఆ గుర్తును తిరిగి పంపితే, మధ్యలో వేరేవారు మార్చి ఉంటే సర్వరు 412 అని తిప్పికొడుతుంది. ఈ వసతి లేనిచోట కనీసం చివరిసారి మార్చిన సమయాన్ని పోల్చి చూడాలి.

రెండు, ఒకే ఆర్డరు రెండుసార్లు చేరడం. పోస్ట్ పంపగానే నెట్ తెగిపోతుంది. జవాబు రాలేదని మళ్ళీ పంపితే రెండు రికార్డులు తయారవుతాయి. మళ్ళీ పంపే ముందు, ఆ ఒప్పందంలో ఆ నెంబరుతో ఆర్డరు ఇప్పటికే ఉందేమో వెతకాలి.

మూడు, ఆమోదించిన ఆర్డరును దిద్దడం. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. దీన్ని అర్థం చేసుకోవడానికి మన ఎం బుక్ చాలు. కొలతల పుస్తకంలో రాసిన అంకెను రబ్బరుతో చెరపకూడదు. తప్పుంటే ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. పాత అంకె కూడా కనిపించాలి.

పునాది లోతుకు రూ. 1,80,000 ఆమోదం పొందిన తరువాత, అసలు ఖర్చు రూ. 1,65,000 మాత్రమే అని తేలిందనుకోండి. ప్యాచ్ పంపి పాత అంకెను మార్చడం సులువే. కానీ ముగ్గురి సంతకం ఉన్నది 1,80,000 మీద. బిల్లు పాసై ఉంటే అదీ 1,80,000 మీదే. అంకె మార్చగానే సంతకం ఒకదానికి, రికార్డు మరొకదానికి అవుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, రూ. 15,000 తగ్గిస్తూ నాలుగవ ఛేంజ్ ఆర్డరు రాయాలి. ఆమోదం వచ్చాక ఒప్పంద విలువ 51,20,000 – 15,000 = రూ. 51,05,000. ఎవరు, ఎప్పుడు, ఎందుకు తగ్గించారో అందరికీ కనిపిస్తుంది. అంకెను దొంగచాటుగా పెంచితే ప్రజల సొమ్ము పోతుంది, తగ్గిస్తే చేసిన కష్టం పోతుంది. చెరగని రాత ఇద్దరికీ రక్ష.

6. గుర్తుంచుకోండి

• ఆమోదం లేని మార్పును ఒప్పంద విలువలో కలపకూడదు.
• చిత్తుప్రతిని దిద్దవచ్చు. ఆమోదించినదాన్ని కొత్త ఆర్డరుతోనే సవరించాలి.
• చూడకుండా మార్చకూడదు, మార్చాక చూడకుండా వదలకూడదు.
• ఏపీఐ ‘సరే’ అన్నంత మాత్రాన లెక్క సరైనదని కాదు. అది చీటీని చూస్తుంది, గోడను చూడదు. కొలత తీసే బాధ్యత మనిషిదే.

7. అభ్యాసం

ఒక ఒప్పందం విలువ రూ. 30,00,000. ఆమోదం పొందిన మార్పులు: రూ. 2,40,000 పెరుగుదల, రూ. 75,000 తగ్గుదల. పరిశీలనలో ఉన్నది: రూ. 50,000 పెరుగుదల. నేటి ఒప్పంద విలువ ఎంత? (జవాబు: రూ. 31,65,000.) రూ. 32,15,000 అని వచ్చినవారు మూడవ మార్పును ఎందుకు కలిపారో ఆలోచించి, రెండవ పాఠ్యాంశాన్ని మళ్ళీ చదవండి.

పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో సివిల్ తీసుకోవాలా, కంప్యూటర్స్ తీసుకోవాలా అని అడిగే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. ఏది తీసుకున్నా రెండవదాని మొదటి పాఠాలు కూడా నేర్చుకోండి. ఎం బుక్ చదవగలిగి, ప్యాచ్ ఆజ్ఞ రాయగలిగినవారు చేసిన పనికి లెక్క తప్పకుండా చూడగలరు.