మనస్తత్వ శాస్త్ర పరిశోధన - విశ్వసనీయత

శాస్త్రమనిపించుకొనే ప్రతి విద్యకూ ఒక కనీస నియమం ఉంది. ఒకరు కనుగొన్న విషయం, అదే పద్ధతిని అనుసరించిన మరొకరికి కూడా కనబడాలి. మానవ మనస్సును పరిశీలించే మనస్తత్వ శాస్త్రానికీ ఈ నియమం వర్తిస్తుంది. 2011వ సంవత్సరం నుండి ఈ శాస్త్రం తన్ను తాను పరీక్షించుకొన్న తీరు విద్యార్థులు తెలుసుకోదగినది.

ఆ ఏడాది రెండు సంఘటనలు పరిశోధకులను కలవరపరిచాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డారిల్ బెమ్, వేయి మందికి పైగా వ్యక్తులపై జరిపిన 9 ప్రయోగాల ఆధారంగా, మనుష్యులు జరుగబోయేదానిని ముందుగా గ్రహించగలరని ఒక ప్రసిద్ధ పత్రికలో ప్రకటించాడు. ఆయన అనుసరించినవి ఆనాడు అందరూ అనుసరిస్తున్న పద్ధతులే. నమ్మశక్యం కాని ఫలితాన్ని అవే పద్ధతులు ఇచ్చినప్పుడు, వాటిపై నిలిచిన ఇతర ఫలితాల మాటేమిటన్న ప్రశ్న పుట్టింది. రెండవది నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డీడెరిక్ స్టాపెల్ ఉదంతం. ఆయన అనేక ప్రయోగాల దత్తాంశాలను కల్పించి వ్రాసినట్లు తేలింది. ఆయన వ్యాసాలలో 58 ఉపసంహరింపబడ్డాయి. ఆ మోసాన్ని బయటపెట్టినవారు ముగ్గురు యువ పరిశోధకులన్నది గమనార్హం.

అయితే మోసం అరుదు. తెలియకుండా జరిగే పొరపాట్లే అధికం. నిజానికి ఎట్టి ప్రభావమూ లేనప్పుడు అటువంటి ఫలితం రావడానికి అవకాశం నూటికి 5 కంటే తక్కువగా ఉంటే, దానిని సార్థకమైనదిగా పరిగణించడం ఆనవాయితీ. లేని ప్రభావం కోసం 20 పరీక్షలు విడివిడిగా జరిపితే, వాటిలో ఒక్కటైనా యాదృచ్ఛికంగా సార్థకమనిపించే అవకాశం నూటికి 64. ఆ ఒక్కటి అచ్చుకెక్కి, తక్కినవి బీరువాలో ఉండిపోతే పాఠకునికి సత్యం ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రమాదాన్ని రాబర్ట్ రోసెంథాల్ 1979లోనే హెచ్చరించాడు. ప్రయోగాన్ని ఎప్పుడు ఆపాలో, ఏ కొలతను ప్రకటించాలో వంటి పలు విషయాలను ఫలితం చూసిన తరువాత నిర్ణయించుకొంటే, తప్పుడు ఫలితం వచ్చే అవకాశం నూటికి 5 నుండి సుమారు 61కి పెరుగగలదని సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్‌లు 2011లో నిరూపించారు.

2015లో బ్రయన్ నోసెక్ ప్రభృతులు 100 పరిశోధనలను తిరిగి జరిపారు. మూల పరిశోధనలలో 97 శాతం సార్థక ఫలితాలను ప్రకటించగా, పునఃపరీక్షలో 36 శాతం మాత్రమే నిలిచాయి. నిగ్రహశక్తి వాడినకొద్దీ తరిగిపోతుందన్న ప్రసిద్ధ సిద్ధాంతాన్ని 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేలమందికి పైగా వ్యక్తులపై పరీక్షించగా, ప్రభావం దాదాపు శూన్యమని తేలింది. అంతమాత్రాన శాస్త్రమంతా నిరర్థకమని భావించరాదు. 2014లో 36 చోట్ల తిరిగి పరీక్షించిన 13 ప్రభావాలలో 10 నిలకడగా కనిపించాయి. ఒక పునఃపరీక్ష విఫలమైనంతనే మొదటి పరిశోధకుడు మోసగాడని నిందించడమూ న్యాయం కాదు.

దోషం తెలిసిన పిదప చికిత్స ఆరంభమైంది. పరికల్పననూ విశ్లేషణ విధానాన్నీ ప్రయోగానికి ముందే నమోదు చేయడం మొదటిది. ఫలితం ఎట్లున్నా ప్రచురిస్తామని, ప్రశ్ననూ పద్ధతినీ చూచి పత్రిక ముందుగానే అంగీకరించడం రెండవది. 2013లో కార్టెక్స్ పత్రిక ఈ విధానాన్ని ప్రవేశపెట్టింది. దత్తాంశాలను ఇతరుల పరిశీలనకు అందుబాటులో ఉంచడం, తగినంత మందిని పరీక్షించడం తక్కినవి.

ఇవన్నీ దూరదేశపు విద్వాంసుల వ్యవహారాలని మన విద్యార్థులు భావించరాదు. ప్రయోగశాలలో వచ్చిన అంకె పాఠ్యపుస్తకంలోని అంకెతో సరిపోకపోతే, రికార్డులో దిద్దివేయాలన్న కోరిక సహజంగా కలుగుతుంది. పరిశోధకుని శీలం మొదట పరీక్షకు నిలిచేది అక్కడే. విద్యార్థి వచ్చిన అంకెనే వ్రాసి, భేదానికి కారణం వెదకాలి. అధ్యాపకులు కూడా సరిపోయిన జవాబుకు గాక, నిజాయితీగా వ్రాసిన రికార్డుకు మార్కులు ఇవ్వాలి. బాలల చదువును గురించి, రోగుల చికిత్సను గురించి రేపు సలహా చెప్పవలసినవారు నేటి విద్యార్థులే. ఆ సలహా తప్పుడు లెక్కపై నిలిస్తే, నష్టపోయేది దానిని నమ్మినవారు.