ఆదివారం ఫోనులో ఏం మాట్లాడాలి?

పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలుకాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు మన ఇళ్ల గడప తొక్కుతారు. ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో ఇంత తగ్గిస్తామంటారు. బ్యాచ్‌ల పేర్లు చదువుతారు. నిరుటి ర్యాంకుల కరపత్రం చేతిలో పెడతారు. వేసవి దాటేలోపు పెట్టె, పరుపు, బకెట్టు సర్దుకుని పదిహేనేళ్ల పిల్ల విజయవాడ శివార్లలోనో, హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపో ఒక హాస్టల్ గదిలో దిగిపోతుంది. అక్కడినుంచి రెండేళ్లపాటు ఇంటికీ ఆ పిల్లకీ మధ్య ప్రధానంగా మిగిలేది వారానికోసారి వచ్చే ఫోను. ఆ ఫోను గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

ఎక్కువ ఇళ్లలో ఆ ఫోను ఒకేలా సాగుతుంది. తిన్నావా? ఆరోగ్యం బాగుందా? వీకెండ్ టెస్టులో ఎన్ని వచ్చాయి? సెక్షన్లో ఎన్నో ర్యాంకు? పోయిన వారం కంటే తగ్గిందేం? సరే, జాగ్రత్తగా చదువుకో. ఈలోపు వెనక లైన్లో నిలబడ్డ పిల్లలు తొందరపెడుతుంటారు, ఫోను పెట్టేయాల్సి వస్తుంది. పిల్లలు తెలివైనవాళ్లు. ఏ జవాబుకి నాన్న గొంతు వెలుగుతుందో, ఏ జవాబుకి అమ్మ ఒక్క క్షణం మౌనమవుతుందో దసరా సెలవుల్లోపే పసిగడతారు. ఆ తర్వాత వెలుగు తెచ్చే మాటలే ఇంటికి వస్తాయి. ఫిజిక్స్ అర్థం కావడం లేదన్న మాట, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్న మాట, గదిలో ఎవరూ మాట్లాడటం లేదన్న మాట హాస్టల్లోనే ఉండిపోతాయి.

ఒత్తిడి అంటే సిలబస్ బరువు, గంటల తరబడి స్టడీ అవర్స్, పోటీ అనుకుంటాం. అవన్నీ నిజమే. కానీ పిల్లల్ని లోపల్నుంచి తినేసేది ఆ బరువు కంటే దాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోవడం. కష్టం వచ్చినప్పుడు సమయానికి, సరైన మనిషికి చెప్పుకోగలగడం ఒక నేర్పు. వ్యక్తిత్వ వికాసమంటే వేదికెక్కి తడబడకుండా మాట్లాడటం, ఇంగ్లిష్‌లో దంచేయడం అని చాలామంది అనుకుంటారు. పదహారేళ్ల వయసులో అంతకంటే ముందు నేర్వాల్సింది ఈ చెప్పుకునే నేర్పు. దాన్ని పిల్లలు ఒంటరిగా నేర్చుకోలేరు, వినేవాళ్లు ఉంటేనే అబ్బుతుంది.

మొదట మనం పదేపదే అడిగే ఆ ర్యాంకు సంగతి చూద్దాం. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు సుమారు 14 లక్షల మంది. ఆ ఏడాది 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. అదే ఏడాది నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైమాటే, దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఎంత గొప్పగా బోధించినా, పిల్లలంతా ఎంత కష్టపడినా ఈ లెక్క మారదు. ఐఐటీ కోసం కూర్చున్న వందమందిలో దాదాపు తొంభై తొమ్మిది మంది బయటే ఉంటారు. అది వాళ్ల తప్పు కాదు, సీట్ల కొరత. ర్యాంకు మన పిల్ల ఎంత నేర్చుకుందో చెప్పదు, ఆమెకు ముందు ఎంతమంది ఉన్నారో మాత్రమే చెబుతుంది. ఒక పిల్ల ఈ నెలలో ఎలక్ట్రోస్టాటిక్స్ నిజంగా బాగా నేర్చుకుని ఉండవచ్చు, అయినా సెక్షన్లో నాలుగు స్థానాలు కిందికి జారవచ్చు, ఎందుకంటే పక్కవాళ్లు కూడా నేర్చుకున్నారు. ఫోనులో ర్యాంకు ఒక్కటే అడిగితే ఆ నెలంతా ఆమె చేసిన పని మన చెవిన పడదు. ఆమె మాత్రం, తను చేసింది సున్నా అని నమ్మడం మొదలుపెడుతుంది.

టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే కాలేజీల్లో ఇది మరీ ప్రమాదం. అక్కడ కింది సెక్షన్‌కి పంపడమంటే గది మారడంతో పోదు. కొన్నిచోట్ల లెక్చరర్లు మారతారు, స్నేహితులు మారతారు, డీన్ పలకరించే తీరు మారుతుంది. ఆ వయసులో స్నేహితుల దృష్టిలో మన స్థానమే ప్రపంచం. దాన్ని నోటీసు బోర్డు మీద అంటించి అందరికీ చూపించడం క్రూరమని నేను అంటాను. పోటీ నేర్పుతున్నామని ఎంత సమర్థించుకున్నా సరే.

నిద్ర సంగతి ఇంకో దారుణం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. కౌమారంలో శరీర గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, రాత్రి త్వరగా నిద్ర రాదు, తెల్లవారి త్వరగా మెలకువ రాదు. అది బద్ధకం కాదు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్ ఉంచి, తెల్లవారుజామున ఐదింటికి బెల్లు కొట్టే హాస్టల్‌లో ఆ పిల్లలకు ఆరున్నర గంటలు కూడా దక్కవు. చదివింది జ్ఞాపకంగా స్థిరపడే పని చాలామటుకు నిద్రలోనే జరుగుతుంది. కాబట్టి నిద్ర కోసి చదివించడం చదివించినదాన్ని కూడా పోగొట్టడమే. ఇంటికొచ్చిన పిల్ల సంక్రాంతి సెలవుల్లో పొద్దెక్కేదాకా పడుకుంటే దయచేసి లేపకండి.

ఒత్తిడి మొత్తం చెడ్డదని నేననను. కొంత ఆరాటం లేకపోతే ఎవరూ పుస్తకం తెరవరు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, కష్టమైన పని నేర్పేటప్పుడు ఒత్తిడి ఒక హద్దు దాటితే నేర్చుకోవడం దెబ్బతింటుందని చూపించారు. ఈ కాలేజీల వల్ల ఏ వసతీ లేని పల్లెల నుంచి, చదువురాని తల్లిదండ్రుల ఇళ్ల నుంచి ఎందరో పిల్లలు పెద్ద చదువులకు వెళ్లారన్నదీ నిజం. ఆ ఆశను ఎవరూ తక్కువ చేయకూడదు. పిల్లల చదువు కోసం అప్పు తెచ్చిన రైతు ప్రేమను శంకించాల్సిన పనిలేదు. అయితే ఆ ప్రేమను మనం చెప్పే తీరు ఉంది చూశారా, "నీ కోసమే ఎకరం అమ్మాం", "నీ మీదే ఆశలన్నీ" అంటాం కదా, అక్కడే ప్రేమ పిల్లల నెత్తిమీద బాకీ అయిపోతుంది. తీర్చలేననిపించిన బాకీని ఎవరైనా దాచిపెడతారు. పిల్లలూ అంతే. పొలం అమ్మడం పెద్దవాళ్ల నిర్ణయం, దాని మంచిచెడ్డలు పెద్దవాళ్లే మోయాలి. పిల్లకు ఆ మాట ఇంట్లో ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష తప్పడమే కారణమని నమోదైన మరణాలు 2,248. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చూడండి. ఫెయిలైతేనే పిల్లలు కుంగిపోతారు, మన పిల్ల బాగానే చదువుతోంది కాబట్టి భయం లేదు అనుకోవడానికి వీల్లేదు.

ఫోను దగ్గరికి వస్తాను. మార్కులు అడగొద్దని నేను చెప్పను, అడక్కపోతే అదొక నటనలా ఉంటుంది. కాకపోతే అవి మొదటి మాట కాకూడదు. ముందు ఇంటి కబుర్లు చెప్పండి. గేదె ఈనిందనో, నానమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందనో, తమ్ముడు సైకిల్ మీంచి పడ్డాడనో. ఆ కబుర్లతో, తను ఇంకా ఈ ఇంట్లో మనిషేనన్న సంగతి పిల్లకు తెలుస్తుంది. ఈ వారం మీకు ఎదురైన ఇబ్బంది ఒకటి కూడా చెప్పండి. కష్టాన్ని మామూలు గొంతుతో చెప్పుకోవచ్చని మనల్ని చూసే నేర్చుకుంటారు. తర్వాత అడగండి: ఈ వారం ఏది అర్థమైంది, ఏది కాలేదు? ఎవరితో కూర్చుని తింటున్నావు? ఎన్నింటికి పడుకుంటున్నావు?

చెడ్డ కబురు వచ్చినప్పుడు మొదటి అర నిమిషమే అసలు పరీక్ష, అదీ మనకు. "కెమిస్ట్రీలో ఇరవై వచ్చాయి" అని పిల్ల చెప్పగానే మన నాలుక చివర "ఎందుకు?" సిద్ధంగా ఉంటుంది. దాన్ని మింగండి. "చెప్పావు, మంచి పని చేశావు" అనండి. ఆ ఒక్క మాటతో వచ్చే వారం ఇంకా పెద్ద విషయం చెప్పడానికి తలుపు తెరుచుకుంటుంది. ఎందుకొచ్చాయో వచ్చే ఆదివారం మాట్లాడుకున్నా కొంపలేమీ మునగవు.

ఇంకొక ఏర్పాటు చేసుకోండి. హాస్టల్ ఫోను పక్కన వార్డెన్ ఉండవచ్చు, వెనక స్నేహితులు ఉండవచ్చు. అందుకని బయలుదేరే ముందే ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకోండి. "పెరట్లో జామచెట్టు కాసిందా?" లాంటిది ఏదైనా. ఆ మాట వినబడితే నాన్నో అమ్మో ఆ రోజే బస్సెక్కాలి. ఫోనులో ఆరాలు తీయకూడదు, వచ్చాక "ఇంతదానికా పిలిచావు" అనకూడదు. ఆ మాటను పిల్ల ఒక్కసారి కూడా వాడకపోవచ్చు. పిలిస్తే వస్తారన్న నమ్మకంతోనే ఆ రెండేళ్లు గడిచిపోవచ్చు.

ఇప్పుడు ఇంటర్ చదువుతున్న నీతో. నీ చుట్టూ ఉన్నవాళ్లంతా ధైర్యంగా ఉన్నారని, నువ్వొక్కదానివే వెనకబడ్డావని అనిపిస్తుంది. పక్క మంచం మీద అమ్మాయికీ అలాగే అనిపిస్తోంది, అడిగి చూడు. చెప్పుకోవడం చిన్నవాటితో మొదలుపెట్టు. ఒక చాప్టర్ అర్థం కాలేదని ఒక లెక్చరర్‌కి చెప్పు. డౌట్ అడగడం అలవాటైన నోరే రేపు దిగులు కూడా చెప్పగలదు. టెస్టు పేపరు రాగానే ర్యాంకు పక్కన పెట్టి, తప్పుల్ని మూడు రకాలుగా విడదీసి నోటుబుక్కులో రాసుకో: తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, టైం చాలక పోయినవి. మూడింటికీ మందు వేరు. చదివిందే పదిసార్లు తిరగేయకుండా పుస్తకం మూసి గుర్తున్నంత రాసి చూసుకో. రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో విద్యార్థుల మీద పరీక్షించి, అలా తమని తాము పరీక్షించుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తున్నట్టు చూపించారు. గంటలు పెంచకుండానే ఫలితం పెరిగే దారి అది. మిగిలిన సమయం నిద్రకివ్వు.

రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, తిండి సయించకపోతే, ఇష్టమైన ఆట, స్నేహం కూడా వద్దనిపిస్తే అది సోమరితనమూ కాదు, పిరికితనమూ కాదు. జ్వరానికి డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పెద్దవాళ్లకు ఒక మాట: పిల్ల ఎవరితోనూ కలవకపోవడం, తనకిష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలనడం గమనిస్తే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే పిల్ల గుండెల్లో బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

చట్టం కూడా ఇప్పుడు మన వైపు కొంత నిలబడింది. నీట్ కోసం విశాఖపట్నం వచ్చి హాస్టల్‌లో ఉన్న పశ్చిమ బెంగాల్ అమ్మాయి, పదిహేడేళ్లది, 2023 జులైలో చనిపోయింది. ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హత గల కౌన్సెలర్‌ని కనీసం ఒకరినైనా పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఇకమీదట పీఆర్వో గడప తొక్కినప్పుడు ఫీజు తగ్గింపు గురించి తర్వాత మాట్లాడదాం. ముందు కౌన్సెలర్ పేరేమిటి, ఏ రోజుల్లో ఉంటారు, రాత్రి దీపాలు ఎన్నింటికి ఆర్పుతారు, సెక్షన్లు దేన్ని బట్టి మారుస్తారు అని అడుగుదాం. ప్రతి తల్లీతండ్రీ ఇవే అడిగితే కరపత్రాలే మారతాయి.

ఇక ఫలితాల రోజు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మూడు లక్షలకు పైగా పిల్లలు తప్పారు, తర్వాతి రోజుల్లో ఇరవైమందికి పైగా ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులోనే పొరపాట్లున్నాయని ఆనక బయటపడింది. తెలుగులో సున్నా వచ్చిందని చూపిన ఒక విద్యార్థినికి తిరిగి చూస్తే 99. తెర మీద కనబడే అంకె ఒక్కోసారి నిజం కూడా కాకపోవచ్చు, నిజమైనా ఆఖరిది కాదు. కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోదు. కాబట్టి ఫలితాలు వచ్చే రోజు అమ్మానాన్నల్లో ఒకరు పనికి సెలవు పెట్టండి. అంకె ఏదైనా పిల్ల పక్కన కూర్చుని చూడండి. బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి, పిల్లకు ఇవ్వకండి. రోజూ తినే వేళకే అన్నం పెట్టి, అందరూ కలిసి తినండి. రీకౌంటింగ్‌కి దరఖాస్తు, సప్లిమెంటరీ ఫీజు గడువు, తర్వాత ఏ కాలేజీ, ఇవన్నీ మర్నాడు మాట్లాడుకోవచ్చు.