ఎవరన్నారని కాదు, ఏం చేశారని

పల్నాడు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. “మాస్టారూ, బుద్ధుడు మనవాడేనా?” అని ఏటా ఎవరో ఒక పిల్లవాడు అడిగేవాడు. ఇన్నేళ్లకు నాకు తేటపడ్డ సంగతులివి.

1. ఆ ప్రశ్నకు మన హిందూ గ్రంథాల్లో ఒక్కటే జవాబు లేదు. విష్ణుపురాణంలో విష్ణువు మాయామోహుణ్ణి పుట్టించి, అసురులను వేదమార్గం తప్పించమని పంపుతాడు. ఆ కథలో మాయామోహుడు చెప్పే బౌద్ధం మోసపు బోధ. 12వ శతాబ్దపు కవి జయదేవుడికి మాత్రం బుద్ధుడు యాగపశువులను చూసి కరిగిపోయిన అవతారమూర్తి. బుద్ధుడు చేసిన పనిని చూసినవాడు జయదేవుడు. నేను జయదేవుడి పక్షమే.

2. పండితుడి తూకం కూడా ఒక్కోసారి తప్పుతుంది. మీమాంసకుడు కుమారిలభట్టు మహామేధావి. బౌద్ధులతో ఆయన వాదాలు మన తర్కానికి పదును పెట్టాయి. అయితే తన తంత్రవార్తికం గ్రంథంలో, బౌద్ధులు చెప్పే అహింస మంచిదే అయినా కుక్కతోలు తిత్తిలో పోసిన పాల వంటిదని తోసేశాడు. వేదం మూలం కానిది ధర్మానికి ప్రమాణం కాదన్నది ఆయన లెక్క. సిద్ధాంతాన్ని ఎంతైనా ఖండించవచ్చు. చెప్పిన నోరు నచ్చలేదని మంచి మాటను పారబోయడానికి మాత్రం నా మనసొప్పదు.

3. మతం వేరైతే ఇల్లు చీలాలనేమీ లేదు. మూడో శతాబ్దంలో విజయపురి ఏలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. తన ఉభయ వంశాల మేలు, సమస్త లోకానికి హితసుఖాలు కోరి నిలిపానని రాతి మీద చెక్కించింది. ఆ కోరికలో యాగం చేసిన ఆ తోబుట్టువూ ఉన్నాడు. ఈ శాసనం సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు పూడుకుపోయేది.

4. పుట్టుకను బట్టి కాదు, నడతను బట్టి మనిషిని చూడమని వసలసుత్తం అనే బౌద్ధ సూత్రంలో బుద్ధుడన్నాడు. భారతం అరణ్యపర్వంలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గర కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం నేర్చుకున్నాడు. రెండూ చదవండి.

5. నరసరావుపేట దగ్గరి చేజర్ల కపోతేశ్వరాలయానికి వెళ్తే, దర్శనమయ్యాక గుడి వెనక్కి నడవండి. గోడ మూలలు తిరగదు, ఏనుగు వీపులా గుండ్రంగా వంగుతుంది. మొదట అది బౌద్ధ చైత్యమని చాలామంది చరిత్రకారులు అంటారు. అక్కడి స్థలపురాణం శిబిచక్రవర్తిది. పావురం కోసం ఒళ్లు కోసి ఇచ్చిన ఆ శిబి భారతంలో ఉన్నాడు, నాగార్జునకొండ శిల్పాల్లోనూ ఉన్నాడు. దానం చేసినవాడిని రెండు మతాలవారూ తమవాడనుకున్నారు.

6. బుద్ధుణ్ణి అవతారమంటే గౌరవించినట్టేనని మనం అనుకుంటాం. కానీ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించి అంబేడ్కర్ తన అనుచరులతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, బుద్ధుడు విష్ణువు అవతారం కాదన్నది ఒకటి. ఈ మాటకు నొచ్చుకునే పెద్దలు మా ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు నేను మహారాష్ట్రలోని మహద్ గురించి చెబుతాను. 1927లో అక్కడి చెరువు నీళ్లు తాగినందుకు దళితులను కొట్టారు, వాళ్లు ముట్టిన నీటికి శుద్ధి చేయించారు. 1930లో నాసిక్ కాలారాం గుడిలోకి దళితులను రానివ్వలేదు. ఇవి మనవాళ్లు చేసిన పనులు. వీటిని లెక్కలోకి తీసుకోకుండా ఆ ప్రతిజ్ఞను తప్పుపట్టడానికి మనకు నోరెక్కడిది?