కామ్ - ఎండలో పుట్టిన మాట

'కామ్' అనే ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పమంటే హైస్కూలు పిల్లవాడు కూడా తడుముకోకుండా చెబుతాడు: ప్రశాంతం, నిశ్చలం. మన వాడుకలోకి అది ఏనాడో వచ్చేసింది. "కాసేపు కామ్‌గా కూర్చోరా" అని చదువురాని అవ్వ కూడా మనవణ్ణి అదిలిస్తుంది. "కామ్‌గా పని కానిచ్చేశాడు" అంటే మూడో కంటికి తెలియకుండా చేశాడని అర్థం. ఈ రెండోది మాత్రం మనవాళ్ళ సొంత చేర్పు.

సైన్సు విద్యార్థికి మాటల పుట్టుకతో పనేమిటని సాహిత్య మిత్రులు నవ్వవచ్చు. నాకు ఈ మాట రసాయనశాస్త్రం ప్రయోగశాలలోనే ఎదురైంది. కాస్టిక్ సోడా సీసా రోజూ చూస్తాం, అది చేతిమీద పడితే చర్మం కాలుతుందని మనందరికీ తెలుసు. ఆ 'కాస్టిక్' ఎక్కడిదా అని లైబ్రరీలో నిఘంటువు తిరగేస్తే, 'కాల్చు' అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి వచ్చిందని ఉంది. అదే క్రియ నుంచి గ్రీకులో 'కౌమా' అనే మాట కూడా పుట్టింది. కౌమా అంటే మంట, మండే ఎండ. నిఘంటుకారుల్లో ఎక్కువమంది చెప్పేదాని ప్రకారం మన 'కామ్'కు మూలం ఆ కౌమాయే. అంటే కాస్టిక్ సోడాకూ ప్రశాంతతకూ తాత ఒక్కడేనన్నమాట!

మంట శాంతిగా ఎలా మారింది? గ్రీకు కౌమా లాటిన్‌లోకి వెళ్ళింది. సుమారు పదహారు వందల ఏళ్ళనాడు జెరోమ్ తయారుచేసిన లాటిన్ బైబిలులో అది వేడి అన్న అర్థంలోనే ఉంది. తరువాత మధ్యధరా తీరపు జనం దాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండకు వాడారు. ఆ ఎండలో ఎవడూ పనిచేయడు. మనుషులు, గొడ్లు, పక్షులు అన్నీ నీడపట్టున చేరతాయి. వేడిని చెప్పే మాట క్రమంగా వేడివల్ల వచ్చే విశ్రాంతిని, ఆపైన అప్పటి నిశ్చలతను చెప్పసాగింది. ఇటాలియన్‌లో 'కల్మా' అయి, ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషు చేరింది. మొదట సముద్రానికి, వాతావరణానికి వాడేవారు. మనిషి మనసుకు అంటగట్టింది ఆ తరువాతనే.

కౌమాలో లేని 'ల' కల్మాలోకి ఎలా దూరింది? వేడిగా ఉండటాన్ని చెప్పే మరో లాటిన్ మాటలో 'ల' ఉంది, దాని ప్రభావమంటారు. తీరా ఇంగ్లీషువాళ్ళు ఆ 'ల'ను రాస్తారే గాని పలకరు. మనం మాత్రం రాసింది రాసినట్టు 'కాల్మ్' అని పలికి లెక్చరరు గారిచేత చీవాట్లు తింటాం.

మన భాష దారి దీనికి పూర్తిగా ఎదురు. మనకు కోపం చల్లారుతుంది, మనసు చల్లబడుతుంది, పెద్దలు "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తారు. సంస్కృతంలో 'శాంతి' వచ్చిన ధాతువునుంచే 'శమనం' కూడా వచ్చింది. మంట ఆరటం, దప్పిక తీరటం అన్నీ శమనమే. మనకు నిప్పు ఆరితే శాంతి. వాళ్ళ మాటలోనేమో నిప్పు నడినెత్తిన ఉండగానే శాంతి!

ఇది వట్టి మాటల గారడీ కాదు, భౌతికశాస్త్రం కూడా కొంత ఒప్పుకుంటుంది. భూమధ్యరేఖ దగ్గర సూర్యతాపానికి గాలి తేలికై పైకి లేస్తుంది. ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి వచ్చే వ్యాపార పవనాలు అక్కడ కలుసుకుంటాయి. గాలి నడక నిలువుగా ఎక్కువ, అడ్డంగా తక్కువ. అందుకే తెరచాప ఓడలు అక్కడ రోజుల తరబడి చిక్కుకుపోయేవి, మంచినీళ్ళు అడుగంటేవి. ఒడ్డున కూర్చున్నవాడికి ముచ్చటగా కనిపించే నిశ్చల సముద్రం నావికుడికి ప్రాణగండం. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ 1805లో గాలి బలానికి కొలమానం మొదలుపెట్టినప్పుడు సున్నా అంకె ఇచ్చింది ఈ 'కామ్'కే. ఇప్పటి లెక్కలో అది ఒక నాట్ కంటే, అంటే గంటకు రెండు కిలోమీటర్లకంటే తక్కువ వేగం. పొగ నిట్టనిలువుగా లేస్తుంది.

ఆ సున్నా రైతుకు తెలియనిది కాదు. కోత యంత్రాలు రాకముందు కళ్ళంలో తూర్పార పట్టాలంటే గాలి కావాలి. గాలి పడిపోతే చేట నెత్తిన పెట్టుకుని నిలుచున్న మనిషి అలాగే నిలుచోవాలి, తాలు గింజ విడిపోదు. ఆకు అల్లాడని ఆ పూటను మా నాయనమ్మ ఏనాడూ ప్రశాంతం అనలేదు, 'పాడు ఉక్క' అనేది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. లాటిన్‌లో ఎండవేళ విశ్రమించటాన్ని చెప్పే క్రియ నుంచి ఫ్రెంచిలో 'షోమే' అనే మాట పుట్టింది. పని లేకుండా ఉండటమని దానర్థం. దాని నుంచి 'షోమాజ్', అంటే నిరుద్యోగం. చెట్టునీడన పడుకున్న కూలీ విశ్రాంతి ఒక భాషలో ప్రశాంతత అయింది, ఇంకో భాషలో నిరుద్యోగమయింది. డిగ్రీ చేతికొచ్చాక మనలో ఎంతమందికి ఏ అర్థం వర్తిస్తుందో ఊహించుకోండి.

మా ఊళ్ళో మిరపకోతలప్పుడు కూలీలు పొద్దున్నే దిగి, ఎండ నెత్తికెక్కాక వేపచెట్టు కింద సద్ది విప్పుతారు. ఆ గంట కూలిలో లెక్కా, కాదా అని మా ఇంట్లో ఏటా వాదన. పనిలేని గంట అంటారు మా నాన్న. ఆ గంట లేకపోతే సాయంత్రం పని ఉండదంటుంది మా అమ్మ. నేను అమ్మ పక్షం. ఎండల్లో శరీరం చెమటతో నీరు, ఉప్పు కోల్పోతుంది, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు తట్టుకోలేదు. 2015 వేసవిలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వందలమంది పోయారు. వాళ్ళలో ఆరుబయట పనిచేసేవాళ్ళు ఎందరో. నీడలోని ఆ గంట సోమరితనం కాదని నాన్నకు ఈ లెక్కలన్నీ చెప్పాను. "పుస్తకాలు బాగానే చదువుతున్నావు, కూలి డబ్బులు కూడా నువ్వే ఇవ్వు" అన్నారు.

ఫ్రెంచివాళ్ళు ఆ షోమే మాటను ఇంకోచోట కూడా వాడతారు. పని ఆపే సెలవు రోజు 'జూర్ షోమే'. ఆసుపత్రులు, రైళ్ళలాంటి ఆపలేని పనులను మినహాయిస్తే, మే 1న అందరికీ పని ఆపాలని, ఆ రోజు జీతం కోయరాదని వాళ్ళ చట్టం. మనకు అది ఎండలు ముదిరే నెలలో మొదటి రోజు.